ఆకు వాకిట తాళము – బూజు చేతి తాళపుచెవి

తామరాకుమీది నీటిబొట్టువలె అంటీ అంటకుండ బ్రతుకవలెనని మన పెద్దలు చెప్పుదురు. వేదాంతులు ఆ ఉపమానములో నీటిబొట్టును చూచిరి. వృక్షశాస్త్రము నేర్చినవారు ఆకును చూడవలెను. నీరు అంటకపోవుటకు కారణము నీటిలో లేదు, ఆకులో నున్నది. చేమ ఆకు, తామరాకు, జీడిమామిడి ఆకు, వరి ఆకు – నేలపై పెరుగు ప్రతి మొక్కయు తన లేత దేహమునకు పైన ఒక పలుచని కవచమును కప్పుకొని యుండును. తెలుగు పాఠ్యగ్రంథములు దీనిని ‘అవభాసిని’ అని పేర్కొన్నవి. పరీక్షలో రెండు మార్కులకు ఈ మాటను కంఠస్థము చేసినవారు మనలో చాలమంది కలరు. ఆ కవచమును ఎవరు, ఎట్లు ఛేదించుచున్నారని అడిగినవారు తక్కువ. మన జిల్లా రైతు లాభనష్టములలో కొంత భాగము ఈ ప్రశ్నలోనే దాగియున్నదని నా అభిప్రాయము. అందుచేతనే ఈ విషయమును మన కళాశాల సంచికలో చర్చకు పెట్టుచున్నాను.

ముందుగా ఆ కవచము స్వరూపమును తెలిసికొందము. దాని పైపొర మైనము. మైనపు పొర క్రిందను, దానితో కలిసియు ‘క్యూటిన్’ అను పదార్థము వలవలె అల్లుకొని యుండును. పదునారు, పదునెనిమిది కార్బన్ పరమాణువులు గల కొవ్వు ఆమ్లములు ఒకదానితో నొకటి ఎస్టరు బంధములచే ముడివడి ఈ వలను కట్టును. రసాయన శాస్త్రపు భాషలో ఇది పాలిఎస్టరు. మనము తొడుగు టెరిలిన్ చొక్కా, త్రాగి పారవేయు నీటి సీసా కూడ పాలిఎస్టరులే. మానవుడు ఇరువదవ శతాబ్దములో కర్మాగారమున తయారుచేసిన వస్తువుకు సోదరప్రాయమైన దానిని మొక్కలు కోట్ల సంవత్సరములుగా తయారుచేసికొనుచున్నవి. ఈ కవచము లోని నీటిని బయటకు పోనీయదు, బయటి శత్రువును లోనికి రానీయదు.

నౌపడ ఉప్పుమడులను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. మడి గట్టు రెండు విధములుగా తెగును. వరద ఒత్తిడికి ఒక్కుమ్మడిగా పగులుట ఒకటి. ఊట పట్టి, మట్టి నాని, లోలోపల కరగిపోవుట రెండవది. మొదటిది బలము, రెండవది కరగించు నేర్పు. ఆకుపై వ్రాలిన బూజు ఈ రెండింటిలో ఏ మార్గము పట్టుననుటపై శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా వాదించుకొనిరి. ఆ వాదము మన వరిచేనికి సంబంధించినది కనుక దానిని కొంత వివరముగా చెప్పుట అవసరము.

జర్మనీ దేశపు ఆంటన్ డి బారీ 1886లో స్క్లెరొటీనియా అను శిలీంధ్రమును పరిశీలించి, అది స్రవించు రసము మొక్కకణముల గోడలను కరగించుచున్నదని చూపెను. సింహళద్వీపమున కాఫీ తోటల త్రుప్పుతెగులును పరిశోధించి వచ్చిన ఆంగ్లేయుడు మార్షల్ వార్డ్ 1888లో లిల్లీ మొక్కల తెగులుపై పనిచేసి అట్టి నిర్ణయమునకే వచ్చెను. కాని 1915లో విలియం బ్రౌన్ బొట్రైటిస్ అను బూజునుండి తీసిన రసమును గాయము లేని అవభాసినిపై ఉంచగా అది చొరబడలేదు. మరుసటి సంవత్సరము బ్లాక్‌మన్, వెల్స్‌ఫర్డ్ అను పరిశోధకులు ఆ బూజు సూదివలె పొడుచుకొని పోవుచున్నదని వాదించిరి. దానితో కండబలమే మార్గమను మాట దీర్ఘకాలము నిలిచెను.

ఆ తీర్పును తిరగదోడినవాడు కేరళమున పుట్టి అమెరికాలో ఆచార్యుడైన పాపచ్చన్ కొలత్తుకుడి. బఠాణి మొక్కను పట్టు ఫ్యుసేరియం సొలాని అను శిలీంధ్రమునకు క్యూటిన్ తప్ప మరియొక ఆహారము లేకుండ చేసి పెంచి, అది స్రవించిన ఎంజైమును తాను, తన సహచరుడు పర్డీ కలిసి శుద్ధిచేసి 1975లో ప్రకటించిరి. దాని పేరు ‘క్యూటినేజ్’. ఎస్టరు ముడులను నీటి సాయముతో విప్పుట దాని పని. 1977లో ఆ బృందమువారు బఠాణి కాండములోనికి బూజు చొచ్చుకొనుచున్న చోటనే ఈ ఎంజైము వెలువడుచున్నదని సూక్ష్మదర్శినిలో చూపిరి. 1979లో మైతి, కొలత్తుకుడి మరియొక అడుగు ముందుకు వేసిరి. క్యూటినేజ్‌ను అడ్డుకొను ప్రతిరక్షకములు గల కుందేటి సీరమును గాని, ఒక ఆర్గనోఫాస్ఫరస్ రసాయనమును గాని సిద్ధబీజములతో చేర్చినపుడు బఠాణికి తెగులు సోకలేదు. తాళపుచెవిని లాగికొన్నచో దొంగ వాకిటనే నిలిచిపోయినాడన్నమాట.

ఇంకను ఆశ్చర్యకరమైన సంగతి 1986లో బయటపడెను. బూజుకు కన్ను లేదు, ముక్కు లేదు. తాను వ్రాలినది రాతిమీదనో ఆకుమీదనో దానికెట్లు తెలియును? సిద్ధబీజము తనతో కొద్దిపాటి క్యూటినేజ్‌ను తెచ్చుకొనును. అది ఆకును తాకినచోట క్యూటిన్ తునకలు కొన్ని ఊడివచ్చును. ఆ తునకల జాడ దొరికిన కొద్ది నిమిషములలోనే బూజులోని జన్యువు మేల్కొని క్యూటినేజ్‌ను విస్తారముగా తయారుచేయ మొదలుపెట్టును. రాయియైనచో తునకలు రావు, జన్యువు మేల్కొనదు. వూలోషుక్, కొలత్తుకుడి దీనిని నిరూపించిరి.

ఈ కథలో ఒక తెలుగువాని భాగము కూడ కలదు. ఆంధ్రదేశమునుండి అమెరికా వెళ్లిన గోపి పొదిల, డిక్‌మన్, కొలత్తుకుడి కలిసి 1988లో ఆ జన్యువు మేల్కొనుటను బూజు కణములనుండి వేరుచేసిన కేంద్రకములలోనే ప్రదర్శించిరి. మరుసటి సంవత్సరము, అనగా 1989లో, వారే ఒక ప్రసిద్ధ ప్రయోగము చేసిరి. బొప్పాయి కాయపై గాయమున్నచో మాత్రమే ప్రవేశించగల ఒక శిలీంధ్రమునకు క్యూటినేజ్ జన్యువును చేర్చగా, అది గాయము లేని కాయలోనికి కూడ చొరబడెను. పొదిల అనంతరకాలమున మొక్కల వేళ్లతో స్నేహము చేయు శిలీంధ్రములపై పరిశోధించెను. అలబామా రాష్ట్రమున హంట్స్‌విల్ విశ్వవిద్యాలయమున జీవశాస్త్ర శాఖాధ్యక్షుడై యుండగా 2010 ఫిబ్రవరి 12న అక్కడ జరిగిన కాల్పులలో మరణించెను. ఆయన పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలియును? సినిమా నటుల జన్మదినములు కంఠస్థమైన మన యువకులు ఇట్టివారి పేరైనను విననివారగుట విచారకరము.

ఇక్కడితో కథ ముగిసినచో అది చక్కని కథయే యగును. కాని శాస్త్రము చక్కని కథలను లక్ష్యపెట్టదు. 1992లో స్టాల్, షేఫర్ అను ఇరువురు పరిశోధకులు జర్మనీలో అదే బఠాణి బూజునుండి క్యూటినేజ్ జన్యువును పనికిరాకుండ చేసి చూచిరి. తాళపుచెవి లేని ఆ బూజు కూడ బఠాణికి యథాప్రకారముగా తెగులు కలిగించెను! ఆ సంవత్సరమే వరి అగ్గితెగులు కలిగించు శిలీంధ్రములోను ఒక క్యూటినేజ్ జన్యువును తొలగించి చూడగా దాని బలము తగ్గలేదు. 1994లో కొలత్తుకుడి పక్షమువారు మరియొక ఫ్యుసేరియం తెగపై పనిచేసి, ఎంజైము పోయినచో తెగులు తీవ్రత తగ్గుచున్నదని బదులు చెప్పిరి. 2007లో స్కామ్నియోటి, గర్ అను ఇరువురు వనితలు అగ్గితెగులు శిలీంధ్రములోని రెండవ క్యూటినేజ్‌ను పరిశీలించి, అది లేనిచో బూజు ఆకుపై తన పరికరమును సరిగా అమర్చుకొనలేకపోవుచున్నదనియు, తెగులు బలహీనపడుచున్నదనియు చూపిరి. ఆ శిలీంధ్రములో క్యూటినేజ్ జన్యువులు ఒకటి రెండు కావు, పదికి పైగా ఉన్నవి. ఒక చెవిని లాగికొన్నచో మరియొక చెవి తీయు దొంగ అది.

అగ్గితెగులు బూజుకు కండబలము కూడ తక్కువేమీ కాదు. మంచుబిందువులో మొలకెత్తిన సిద్ధబీజము కొన్ని గంటలలో గుమ్మటమువంటి ఒక నల్లని బుడిపెను కట్టును. దాని గోడకు మెలనిన్ అను నల్లని పూత ఉండును. లోపల గ్లిసరాలు పేరుకొని నీటిని లాగుటచే అందులో ఒత్తిడి పెరుగును. 1991లో హవర్డు, ఆయన సహచరులు దానిని కొలిచి, వాతావరణ పీడనమునకు సుమారు ఎనుబది రెట్లని తేల్చిరి. లారీ చక్రములో నింపు గాలి ఒత్తిడి దానిలో సుమారు పదవ వంతు మాత్రమే ఉండును. ఆ ఒత్తిడితో సన్నని మేకును ఆకులోనికి దించును. కనుక గట్టు పగులుటయా, ఊట పట్టుటయా అను ప్రశ్నకు సమాధానము – తెగులును బట్టి, మొక్కను బట్టి రెండును. లోపలికి పోయిన పిమ్మట పెక్టిన్‌ను, సెల్యులోజును కరగించు ఎంజైములు మరికొన్ని కలవు. గాలివానకు చిట్లిన ఆకు, విరిగిన కొమ్మ విషయములో ఈ శ్రమయు అక్కరలేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. నిలిచిన చెట్లకు మిగిలిన ప్రతి గాయమును తలుపు తెరచిన ఇల్లే.

ఇప్పుడు నా అభిప్రాయమును చెప్పెదను. ఈ నూరేండ్ల వాదమునుండి మనము నేర్వవలసిన పాఠము ఒకటి కలదు. ఒకే తెగులుకు ఒకే ద్వారము, ఒకే ద్వారమునకు ఒకే మందు అను నమ్మకము ప్రయోగశాలలోనే నిలువలేదు. అయినను మన పల్లెలలో అదే నమ్మకము రాజ్యము చేయుచున్నది. పురుగుకు చల్లునదియు ‘పురుగుమందే’, బూజుకు చల్లునదియు ‘పురుగుమందే’. మాట ఒకటే యగుటచే వస్తువు కూడ ఒకటేయని రైతు అనుకొనుటలో వింత లేదు. ట్రైసైక్లజోల్ అను మందు అగ్గితెగులు బూజు నల్లపూతను కట్టకుండ అడ్డుకొనును. పూత లేనిచో ఒత్తిడి నిలువదు, మేకు దిగదు. ఇది తెలిసినవానికి రెండు విషయములు వెంటనే స్ఫురించును. బూజు లోపలికి చేరి మచ్చ విస్తరించిన ఆకునకు ఈ మందు చికిత్స కాజాలదు. నల్లపూత ఒత్తిడిపై ఆధారపడని ఇతర తెగుళ్లపై దీనిని చల్లుట ధనమును గాలిలో కలుపుటయే. తెలియనివాడు మచ్చలన్నియు చూచిన పిమ్మట, ఏ మచ్చయైనను, దుకాణములో చేతికి ఇచ్చినదానిని చల్లును. 2017లో ఐరోపా సమాఖ్య బియ్యములో ఈ మందు అవశేషముపై పరిమితిని కిలోకు ఒక మిల్లీగ్రామునుండి 0.01 మిల్లీగ్రామునకు తగ్గించెను. చేనిలో చేసిన అజ్ఞానము ఓడరేవులో పట్టుబడు కాలమిది.

అంతకన్న గంభీరమైన విషయము మరియొకటి. 1979 ప్రయోగములో బూజు తాళపుచెవిని విరిచిన రసాయనము ఆర్గనోఫాస్ఫరస్ జాతికి చెందినదని పైన చెప్పితిని. క్యూటినేజ్ గుండెకాయలో సెరీన్ అను అమైనో ఆమ్లము కలదు. ఆ రసాయనము దానిని పట్టుకొని ఎంజైమును నిర్వీర్యము చేయును. మన నరములలో సంకేతములను నియమించు ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అను ఎంజైము గుండెకాయలోను సెరీనే కలదు. బూజు చెవిని విరిచిన విషమే మనిషి నరమును కూడ పట్టును. అందుచేతనే ఈ జాతి మందులను ముఖమునకు గుడ్డయైన లేక చల్లు కూలివానికి చెమట, వణకు, ఊపిరాడకపోవుట కలుగును. ప్రకృతి ఒకే ఉపాయమును అనేక చోట్ల వాడుకొనును. శత్రువును మాత్రమే చంపి మిత్రుని విడుచు విషము దొరకుట అందుచేతనే కష్టము. మన పొరుగున నున్న ఉద్దానమున మూత్రపిండ వ్యాధికి కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. మందులే కారణమని తీర్పు చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. అయితే అనవసరముగా మందు చల్లరాదని చెప్పుటకు ఆ తీర్పు వచ్చువరకు వేచియుండ నక్కరలేదు.

మందు వద్దని నేను చెప్పుట లేదు. కవచమును బలపరచుట మొదటి వైద్యము, మందు చివరి వైద్యము అని మాత్రము చెప్పుచున్నాను. యూరియా అధికమైన చేను నల్లగా నవనవలాడును గాని అగ్గితెగులుకు అదే ఆహ్వానపత్రిక. వరి నేలనుండి సిలికాను పీల్చుకొని అవభాసిని క్రింద రెండవ గోడను కట్టుకొనును. సిలికా సమృద్ధిగా నున్న వరికి అగ్గితెగులు తగ్గునని అనేక దేశములలో రుజువైనది. గడ్డిలోను, ఊకలోను సిలికా నిండుగా నున్నది. వాటిని పొలములోనే తగులబెట్టక, కుళ్లనిచ్చి గాని బూడిదగా గాని నేలకు చేర్చినచో ఆ గోడకు ఇటుకలు చేరినట్లే. తెగులును తట్టుకొను వంగడములను ఎన్నుకొనుట, మొక్కల నడుమ గాలి ఆడనిచ్చుట, రాత్రి చలియు వేకువ మంచును ఎక్కువగా నున్న దినములలో చేనును ముందుగా చూచుట – ఇవన్నియు డబ్బుతో పని లేనివి, తెలివితో పని గలవి.

ఈ తెలివిని పంచుటకు కళాశాలను మించిన స్థలమేది? ఇచ్చట కొందరు అభ్యంతరము చెప్పవచ్చును. “మన విద్యార్థులకు ఉద్యోగము కావలెను, బూజు ఎందుకు?” అందురు. జీవరసాయన శాస్త్రమునకు నేడున్న గిరాకీకి ఈ ఎంజైమే సాక్ష్యము. క్యూటిన్ పాలిఎస్టరు గనుక క్యూటినేజ్ ప్లాస్టిక్ సీసాను కూడ విప్పగలదా యని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. కుళ్లిన ఆకుల ఎరువునుండి లభించిన ఒక క్యూటినేజ్‌ను సవరించి, 2020లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు పది గంటలలో సీసాల ప్లాస్టిక్‌లో నూటికి తొంబది వంతులను దాని మూలపదార్థములుగా విడగొట్టిరి. సముద్రము మన తీరమునకు తెచ్చి పడవేయుచున్న సీసాలకు సమాధానము ఒక ఆకుకుప్పలో దొరకుట విచిత్రము కాదా? దొంగ చేతిలో నున్న చెవియే ఇంటివాని చేతికి వచ్చినచో తాళమును తీయు సాధనమగును. ఎంజైమునకు పాపపుణ్యములు లేవు.

మరికొందరు “ఇవి ఆంగ్లమున తప్ప చెప్పుటకు వీలులేనివి” అందురు. పైన చెప్పిన కథనంతయు తెలుగులోనే చెప్పితిని, ఉర్దూలోను చెప్పవచ్చును. తెలుగువాడు బూజు అన్నను, ఉర్దూవాడు ఫఫూంది అన్నను ఆకుపైని మచ్చ ఒక్కటే. ఆంగ్లమున చదివి మాతృభాషలో చెప్పలేని విజ్ఞానము విద్యార్థి సంచిలోనే ఉండిపోవును, తండ్రి చేనికి చేరదు.

కావున కళాశాల పాలకవర్గమునకు మూడు మనవులు చేయుచున్నాను. ఒకటి: ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినులను బీరువాలనుండి బయటకు తీయించి, లేనిచో కొన్నింటిని కొనిపించి, స్థానిక తెగుళ్లకు వారమునకొక గంట కేటాయింపవలెను. పారదర్శకమైన అంటు టేపును ఆకుపై అద్ది తీసి అద్దపు పలకపై ఉంచినచో సిద్ధబీజములు కనిపించును; ఇందుకు ఖర్చు లేదు. రెండు: నౌపడ, టెక్కలి పరిసర పొలములనుండి తెగులు సోకిన ఆకులను సేకరించి, ఎండబెట్టి, కాగితములపై అతికించి, తేదీ, ఊరు, పంట పేరుతో తెలుగు, ఉర్దూ భాషలలో పట్టిక వ్రాసి భద్రపరుపవలెను. పదియేండ్లు గడచినచో అట్టి సంపుటము పరిశోధకులు వెదకికొని వచ్చు ధనమగును. మూడు: ఏటేట విహారయాత్రకు పోవు దూరములో కొంత తగ్గించి, శ్రీకాకుళము చెంతనున్న రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానమునకు ఒక దినము విద్యార్థులను పంపవలెను. ‘శ్రీకాకుళం సన్నాలు’ అను వరి వంగడము పుట్టిన చోటును చూడని శ్రీకాకుళపు పట్టభద్రుడుండుట మనకు గౌరవము కాదు.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలమంది వ్యవసాయ కుటుంబములనుండి వచ్చినవారే. సెలవులకు ఇంటికి పోయినపుడు మచ్చ పడిన ఆకును కోసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడుడు. మచ్చ నూలుకదురు ఆకారములో నుండి, నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు ఉన్నచో అది అగ్గితెగులని అనుమానింపుడు. ఏ మందు చల్లవలెనని దుకాణమునడుగుటకు ముందు, ఏ తెగులని నిపుణునడుగుడు. మీ తండ్రికి తొందరపడవద్దని, పెద్దరికమునకు భంగము లేకుండ, వివరించి చెప్పుడు. ఒక్క ఇంటిలో ఒక్క డబ్బా మందు అనవసరముగా కొనకుండ నిలిచిపోయినను, ఒక్క కూలివాడు విషపు గాలి పీల్చకుండ తప్పించుకొన్నను, మీరు నేర్చిన వృక్షశాస్త్రము పరీక్షలో తెచ్చిన మార్కులకన్న ఎక్కువ విలువ సంపాదించినట్లే.